దారితో పని లేని బండి

అరవైల చివర, సూళ్లూరుపేట అవతల చెరువు కింది పల్లపు బాడవలో రోడ్డు వేస్తున్నప్పుడు మా కాంట్రాక్టరు దగ్గర ఒక ఇంజనీరు ఉండేవాడు. ఇనుప చైన్ల మీద నడిచే బుల్డోజరును గుర్రాన్ని తట్టినట్టు తట్టి, "దీనికి దారితో పని లేదు" అనేవాడు. రోడ్డు వేయడానికొచ్చిన మనిషి గొప్పగా చెప్పుకునే మాట అది!

ఒకరోజు తానూ ఎక్కి, పైపైన ఎండిన బురదనేల మీదికి దాన్ని తోలించబోయాడు. అక్కడే గుడిసెలో ఉండే చేపలమ్మే ముసలమ్మ అడ్డం వచ్చింది.

"ఎనుములే దిగవయ్యా అందులో. పోబాకండి."

"ఇది ఎనుము కాదులే," అని నవ్వాడు.

పది గజాల్లోనే బండి ఇంజను దాకా కూరుకుపోయింది. చైన్ల కింద వేయడానికి దుంగలు కావలసి వచ్చాయి. ఆయన చూపు గుడిసె మీద పడింది. ముసలమ్మ ఏడుస్తుంటే కప్పు తాటి వాసాలు పీకి పరిచింది కూలీలం మేమే. బూట్లకు బురద అంటకుండా ఆయన బండి మీదే నిలబడ్డాడు.

వాసాలు విరుచుకుంటూ బండి గట్టెక్కగానే దాన్ని మళ్లీ తట్టాడు. కప్పు లేని గుడిసె ముందు నిలబడ్డ ముసలమ్మతో అన్నాడు:

"చూసినావా? దీనికి దారితో పని లేదు."