మూడున్నర చుట్లు

ఆమె టేబుల్ టెన్నిస్ నేర్చుకున్నది వాళ్ల నాన్న పుస్తకాలు బైండింగు చేసే బల్ల మీద. మధ్యలో నిలబెట్టిన లావుపాటి నిఘంటువుల వరసే నెట్టు. అసలు టేబులులో సగం కూడా లేని బల్ల అది. కాస్త గట్టిగా కొడితే బంతి పోయి జిగురు డబ్బాలో పడేది. దాన్ని గోటితో గీకి మళ్లీ ఆడేది. నాన్న అట్టల మీద జిగురు చిందిందేమో చూసుకుని ఊరుకునేవాడు.

పందొమ్మిదేళ్లు వచ్చేసరికి ఊళ్లో ఆమెకు ఎదురు లేకుండా పోయింది. పెద్ద క్లబ్బు కార్యదర్శి కబురు పెట్టాడు. ఆదివారం ఒక మ్యాచి ఆడించి చూస్తారట, నెగ్గితే నెలజీతం మీద తీసుకుంటారట. ఆడినందుకు జీతం అందుకున్న ఆడపిల్ల అప్పటికి ఆ చుట్టుపక్కల ఒక్కతీ లేదు. ఓడితే సోమవారం నుంచి మందుల షాపులో కూర్చోవాలని ఇంట్లో ముందే అనుకున్నారు. మేనత్తకు ఇదంతా నవ్వులాట.

“ఆడుకుంటే జీతమిస్తారా? నేను రోజూ మధ్యాహ్నం పడుకుంటున్నానుగా, నాకెంతిస్తారో అదీ కనుక్కోవే,” అంది.

నాన్న నవ్వలేదు. శనివారం కొత్త రబ్బర్లు తెచ్చి, నువ్వు అంటిస్తే బుడగలొస్తాయని చెప్పి, బ్యాటుకు తానే అంటించాడు. ఏది అంటించినా ప్రెస్సులో పెట్టి బిగించడం ముప్పై ఏళ్లుగా ఆయన చేతికి అలవాటు. బ్యాటును రెండు చెక్కల మధ్య పెట్టి, ఇనప చక్రం మూడున్నర చుట్లు తిప్పాడు. పొద్దున్నే తీసి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఎక్కడా ఒక్క బుడగ లేదు. అంత శుభ్రంగా అతికిన బ్యాటును ఆమె ఎన్నడూ చూడలేదు.

క్లబ్బులో మొదటి బంతికే ఆమెకు తేడా తెలిసిపోయింది. ప్రెస్సు నొక్కుకు రబ్బరు కింద స్పాంజి అట్టలా అణిగిపోయింది. తగిలిన బంతి తడిబట్ట మీద పడ్డట్టు చతికిలబడుతోంది. కార్యదర్శి అది గమనించి తన బ్యాటు ఇవ్వబోయాడు. ముందు వరసలో నాన్న, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, కళ్లార్పకుండా చూస్తున్నాడు.

“వద్దండీ, నాకిదే అలవాటు,” అంది.

అయిదింటిలో మొదటి రెండు గేములు చూస్తుండగానే పోయాయి. మూడో గేములో ఆమె కొట్టడం మానేసింది. చిన్నప్పుడు జిగురు డబ్బా తప్పించడానికి ఎలా ఆడేదో అలా, ప్రతి బంతినీ నెట్టు దాటించి అక్కడే కూర్చోబెట్టింది. ఎదుటి అమ్మాయి వేగానికి కాచుకుని ఉంది. అందుబాటులోకి రాని బంతి కోసం ముందుకు ఉరికి ఉరికి అలిసిపోయింది. మూడోదీ నాలుగోదీ ఆమే గెలిచింది. అయిదో గేము రెండే పాయింట్ల తేడాతో ఇటు వచ్చింది, దాంతోపాటు నెలజీతమూ.

ఇంటికి నడిచి వస్తుంటే నాన్న మెల్లిగా అడిగాడు.

“నొక్కు సరిపోయిందా అమ్మా?”

“సరిగ్గా కుదిరింది నాన్నా.”

ఆ ఒక్క మాటకు పద్నాలుగేళ్లు కట్టుబడి ఉంది. ఏ బ్యాటు కొన్నా ఆ ప్రెస్సులో పడాల్సిందే, చక్రం మూడున్నర చుట్లు తిరగాల్సిందే. శిక్షకులు తల పట్టుకున్నారు. ‘చప్పుడు లేని బ్యాటు’ అని పేరు పడింది. ఆ పేరుతోనే ఊళ్లు తిరిగింది, నెగ్గింది, చాలాసార్లు ఓడింది కూడా. ఆమె తర్వాత మరో నలుగురు ఆడపిల్లలకు ఆ క్లబ్బు జీతాలిచ్చింది. నొక్కితే బ్యాటు చచ్చుబడిపోతుందన్న నిజం ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన బ్యాటును కిటికీ వెలుగుకు పట్టి అంచులు చూసుకుంటుంటే ఆ మాట మళ్లీ లోపలికే పోయింది.

ఆయన పోయిన నెలకు కొత్త బ్యాటు వచ్చింది. ఇక మొహమాటపడాల్సిన మనిషి లేడు. నొక్కకుండానే తీసుకెళ్లింది. మొదటి బంతి టేబులు దాటి, గోడకు కొట్టుకుని తిరిగి ఆమె కాళ్ల దగ్గరికే వచ్చింది. ఇన్నాళ్లకు ప్రాణమున్న బ్యాటు పట్టావని శిక్షకుడు సంబరపడ్డాడు.

ఆమె కాసేపు ఆడి, బ్యాటు సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. బైండింగు గది తాళం తీసింది. రెండు చెక్కల మీద దుమ్ము తుడిచి, బ్యాటును మధ్యలో పెట్టి చక్రం తిప్పింది. మూడు చుట్లు సులువుగానే తిరిగాయి. చివరి సగం చుట్టుకు రెండు చేతులూ వేయాల్సి వచ్చింది. ఆయనకు ఒక్క చెయ్యే సరిపోయేది.