పచ్చి రాగి పరిచిన కళ్ళం

"ఏడాదంతా ఆ బిడ్డలు ఏం తింటారు?"

నా నోట వచ్చిన మొదటి మాట అదే. మునివెంకటమ్మ తన చేలో సగం రాగి కోసేసింది. ఒక వెన్ను తీసి వేళ్ళతో నలిపాను. పాలు కారాయి. గింజలో ఇంకా పిండి కట్టలేదు.

మిట్టేమరి దగ్గర మా ఊళ్ళో ఆమెకున్నది ఆ ఒక్క చేనే. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని దానితోనే సాకుతోంది. నేను బాగేపల్లి హైస్కూల్లో సైన్సు చెబుతాను. మా కాపురం ఆమె ఇంటి పక్కనే. పడుతుందేమోనని నా చిన్నపాపను గడప దాటనివ్వను.

ఈ ఏడే, 1959లో, చింతామణి షావుకారు ఒకాయన ఊరి ఉమ్మడి కళ్ళంలో నూనెమిల్లు కట్టబోయాడు. సొంత కళ్ళం లేనివాళ్ళు పంట నూర్చుకునేది అక్కడే. అది పోతే మునివెంకటమ్మలాంటివాళ్ళు పెద్ద రైతుల వాకిట్లో బతిమాలుకోవాలి. ఊరంతా కూడి తాలూకు కచేరికి అర్జీ పెట్టాం. విచారణకు తాలూకు అధికారి అమల్దారు రాకముందే పునాది తవ్వే కూలీలు వస్తున్నారని కబురొచ్చింది.

అందుకే ఆమె కళ్ళాన్ని పేడతో అలికి, పచ్చి పైరు పరిచి, నడుమ పేడముద్దకు గరిక గుచ్చి పిళ్ళారిని, అంటే వినాయకుణ్ణి, పెట్టింది. పిళ్ళారి కూర్చున్న కళ్ళంలో పంట ఎత్తేదాకా మా సీమలో ఎవరూ చెప్పులతో తొక్కరు, గడ్డపార దించరు.

అర్జీ రాయించిన పిళ్ళప్ప నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "పచ్చి రాగితో సంగటి అవతాదేమ్మా? నీకేమన్నా పిచ్చా?"

"నువ్వు నీ అర్జీ తినప్పా. నేను ఇది తింటా."

అప్పటికే కూలీలు వచ్చేశారు. వాళ్ళ మేస్త్రీ ఈరప్పది మండికల్ ఊరు. గట్టు మీదే ఆగి చెప్పులు విడిచాడు.

"ఏమప్పా, నిలబడిపోతివి? దించు గడ్డపార. పిళ్ళారి చూస్తాండాడు" అంది ఆమె.

"నా చేత కాదు తల్లీ. మా ఇంట్లోనూ రాగే తింటాం" అని ఆయన మనుషుల్ని వెనక్కి తిప్పుకుపోయాడు.

ఆ సాయంత్రం ఇంటింటి నుంచీ నిరుటి రాగులు చేటలతో తెచ్చి పిళ్ళారి ముందు రాశి పోశారు. రాశి ఉన్నన్నాళ్ళూ పంట ఎత్తనట్టే. అమల్దారు వచ్చి ఆ రాశిని చూసి, కళ్ళం ఊరిదేనని రాసిచ్చేదాకా దాన్ని కదిలించలేదు. తరువాత రాశి మొత్తం ఆమె ఇంటికి మోశారు. వద్దని ఆమె తిట్టింది. వినలేదు.

నా బెదురు మాత్రం పోలేదు. మళ్ళీ ఎవడైనా వస్తే? అదే ఆమెను అడిగాను.

"రాకేం, వస్తారు. బయలుగా పడుంటే గదా మేష్టరప్పా కన్నేసేది? నూర్పులు నాలుగు దినాలే. కడమ దినాలు నువ్వేం చేస్తాండావు? నీ పాపను ఇంట్లో పెట్టి తలుపేస్తావు. ఎత్తుకొని రా. ఈడ ఆడనీ. మనుషులు తిరిగే చోటికి ఎవురూ పునాదిరాళ్ళు తోలరు."

ఇప్పుడు బడి విడవగానే పాపను అక్కడ దించి, గట్టు మీద కూర్చుంటున్నాను. పడుతుందేమోనని సగం లేస్తూనే ఉంటాను. అయినా ఎత్తుకోవడం లేదు.