గోధుమ దాచి ఇచ్చిన రక్తం

రక్తపరీక్షను బురిడీ కొట్టించినవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు, కానీ నేనొకదాన్ని. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో నర్సింగ్ చదివే రోజుల్లో మిగతా పరీక్షలు అత్తెసరు మార్కులతో గట్టెక్కినా, దీన్ని మాత్రం ఘనంగా నెగ్గాను.

అప్పట్లో ఏం తిన్నా కడుపు ఉబ్బేది. విరేచనాలు ఆగేవి కావు. యూనిఫాం ప్యాంటు జారకుండా పిన్నీసు పెట్టుకునేదాన్ని. ప్లేస్‌మెంట్, అంటే ఆసుపత్రి వార్డులో శిక్షణ, ఒక్కటే మిగిలింది, అది పూర్తి చేస్తేనే డిగ్రీ. నేను అద్దెకున్న ఇంటి ఆంటీ కాకినాడ మనిషి, ఇక్కడ చాలా ఏళ్ళుగా నర్సు. ఒకరోజు నా కంచంలోకి చూసింది.

"చపాతీ తిన్నప్పుడల్లా నీకిలాగే అవుతుందమ్మా. సీలియాక్ ఏమో, గోధుమ పడదు. జీపీ డాక్టరు దగ్గరకెళ్ళి బ్లడ్ ఇచ్చిరా."

"సూది ఎందుకాంటీ, ఆన్‌లైన్లో ఉమ్మితో పరీక్షించే కిట్ ఉంది. సేల్‌లో పెట్టారు."

"సేల్ అంటే విషమైనా రెండు కొంటావు నువ్వు."

ఒకటే కొన్నాను. మాది కిరాణా కొట్టు. నాన్న ఒక్క గింజ నమిలి బస్తా బియ్యానికి ధర కట్టేవాడు. ఆయన కూతురికి కాస్త ఉమ్మితో జబ్బు తేలుతుందంటే అనుమానం ఎందుకొస్తుంది? జవాబు మెయిల్లో వచ్చింది. యాంటీబాడీలు కనిపిస్తున్నాయి, ఇంతటితో ఖాయం కాదు, రక్తపరీక్ష చేయించుకోండి అని.

జబ్బు ఖాయమైతే ప్లేస్‌మెంట్ ఆపేస్తారనీ, వీసాకి ముప్పనీ ఎవరూ చెప్పకుండానే నమ్మేశాను. యూనివర్సిటీలో ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ అధికారుల్ని మనంతట మనం ప్రశ్నలు అడగకూడదన్నది మా బజారు నీతి. అక్కడ తూనికల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే కబురు ముందే అందేది. అరిగిన రాళ్ళు లోపలికి పోయేవి, ముద్ర ఉన్నవి బల్లమీదికి వచ్చేవి. ఆయన చూసి, టీ తాగి వెళ్ళేవాడు.

నేనూ అలాగే సర్దాను. కొన్ని నెలలపాటు గోధుమ ముట్టుకోలేదు. ఒళ్ళు తేలికపడ్డాక ధీమాగా వెళ్ళి చెయ్యి చాపాను. మామూలుగా గోధుమ తింటున్నావా అని డాక్టరు అడిగితే, తింటున్నానన్నాను. నెగటివ్ వచ్చింది. ఆ సాయంత్రమే బ్రెడ్డు కొనుక్కుని, ఆంటీ ముందు కూర్చుని తిన్నాను.

ప్లేస్‌మెంట్ మొదలైంది. తిన్నరోజు బాత్రూంలోనే ఉండేదాన్ని, భయపడి మానితే కాస్త లేచేదాన్ని. ఒక ఉదయం ముసలాయనకి బీపీ చూస్తూ, ఆయన మంచం పట్టుకునే కింద కూలబడ్డాను. ఆయనే బెల్లు నొక్కాడు.

మళ్ళీ అదే డాక్టరు. వరంగల్ ఆవిడ. ఈసారి తలుపు వేసి తెలుగులోకి దిగింది.

"నిజం చెప్పు. అప్పుడు బ్లడ్ ఇచ్చినప్పుడు గోధుమ తింటున్నవా?"

"మానేశాను."

"ఎందుకు?"

"పాసవుదామని."

ఆవిడ నవ్వలేదు. "గోధుమ లోపలికి పోతెనే యాంటీబాడీలు వస్తయి. మానేసినంక అవి తగ్గిపోతయి. ఇప్పుడు ఒకరోజు తింటవు, ఒకరోజు మానతవు. ఈ రక్తంతోని ఏం చెప్పాలె నేను? ఆరు వారాలు రోజూ తిని రా."

"మూడు చేయండి మేడం. ప్లేస్‌మెంట్ పోతుంది."

"నాతోని బేరమాడితే నీ పేగు ఒప్పుకోదమ్మా."

"పోనీ నాలుగు."

ఆవిడ స్క్రీన్ వైపు తిరిగి టైపు చేసుకుంది.

ఆ ఆరు వారాలు పొద్దున్నే, ఒంటికి పడదని తెలిసిన బ్రెడ్డు నా చేత్తో నేనే నోట్లో పెట్టుకున్నాను. ఆంటీ బాత్రూం తలుపు బయట నిలబడి, "నీళ్ళు తాగమ్మా, కొంచెమైనా తాగు" అనేది. చచ్చిపోతానేమో అనిపించింది. అంతకంటే, ఈసారి కూడా నెగటివ్ వస్తే ఇంక ఎవరూ నన్ను నమ్మరేమో అనిపించింది. యూనివర్సిటీలో ప్లేస్‌మెంట్ చూసే ఆవిడకి అప్పుడు మెయిల్ పెట్టాను. జబ్బు ఉన్నంత మాత్రాన ఎవర్నీ ఆపరని, వార్డులో నిలబడలేనివాళ్ళని మాత్రం ఆపక తప్పదని జవాబిచ్చింది. నేను నిలబడలేను కదా, ఆపేసింది.

రక్తం ఈసారి నిజం చెప్పింది. గొట్టం వేసి పేగు ముక్క తీసి చూసి, సీలియాక్ అని తేల్చారు.

ఇక లెక్క. ఒక సెమిస్టర్ పోయింది, దాని ఫీజు రెండోసారి కట్టాను. క్లాసు వాళ్ళు డిగ్రీలు పుచ్చుకున్నరోజు గదిలో పడుకున్నాను. పేగు కోలుకోవడానికి ఏడాది దాటింది. కిట్టుకి పెట్టింది దండగ కాదు, అది ఉన్నమాటే చెప్పింది. లాభం కింద రాసుకోవడానికి గోధుమ తినకూడదన్న మాట ఒక్కటే ఉంది. అబద్ధం ఆడకపోయుంటే అది మొదటి సూదికే వచ్చేది.