ఫైలు తలమీద శ్రీ

కాంట్రాక్టు ఉద్యోగం ఖాయం కావాలంటే మధ్యాహ్నం డెమోలో నా ఫైలు తెరుచుకోవాలి. మధురవాడలో నేను పనిచేసే చిన్న కంపెనీ డీఎన్ఏ చదివే యంత్రాలకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. దాన్ని పరీక్షించడానికి నిజం నెత్తురు అక్కర్లేదు, కల్పించిన డీఎన్ఏ ముక్కలు చాలు. వాటిని కల్పించి ఫైలులో పెట్టే ప్రోగ్రాం నాది. ఒక్కో ముక్కకు నాలుగు వరుసలు: @ గుర్తుతో మొదలయ్యే పేరు, ఆ ముక్కలోని A, C, G, T అక్షరాలు, ఒక ప్లస్, చివర ఏ అక్షరాన్ని ఎంత నమ్మవచ్చో చెప్పే గుర్తులు. అక్షరాలెన్నో గుర్తులూ అన్నే ఉండాలి.

ఉదయం నుంచి సాఫ్ట్‌వేర్ 'ఫార్మాట్ తప్పు' అంటుందే తప్ప ఫైలును తెరవదు. అక్షరాలకు గుర్తులు సరిపోయాయి. మళ్లీ పోల్చాను, మళ్లీ సరిపోయాయి. పక్క సీటులో కంచరపాలెం నుంచి వచ్చే సహోద్యోగి ఉన్నాడు. అడగవచ్చు. కాని మా ఇంటికి వచ్చి అడిగేవారే తప్ప, మేం ఒకరిని అడగడం ఎరగం. ఇల్లూ పొలాలూ పోయినా ఆ మెడ వంగలేదు.

అతనే కుర్చీ జరుపుకొని వచ్చాడు.

"ఏటి బావా, పొద్దున్నించీ దాన్ని గుడ్లురిమి సూత్తన్నావ్?"

ఆ పిలుపు నాకు నచ్చదు. అయినా జవాబిచ్చాను.

"అన్నీ సరిపోయాయండీ. అయినా తెరుచుకోవడం లేదు."

అతను ఫైలును మొదటికంటా జరిపి ఆగాడు.

"పైన ఈ శ్రీ ఏటి? ఫైలుకి బొట్టెట్టీసావేటి బావా? అది @ కోసం సూత్తంటే నువ్వు పూజ మొదలెట్టీసావ్."

మా ఇంట్లో సరుకుల చీటీ అయినా శ్రీ లేకుండా మొదలుకాదు. ప్రోగ్రాం రాసేటప్పుడు ఫైలు తలమీద అదే రాయించేశాను. ఉదయం నుంచి ఎన్నిసార్లు చూసినా అది నా కంటికి రాతలా అనిపించలేదు, కాగితం అంచులా అనిపించింది.

"తీసేత్తన్నాను," అని అతను కీబోర్డు మీద చెయ్యి వేశాడు.

"ఆగండి. నేను తీస్తాను."

ప్రోగ్రాంలో ఆ వరుస తీసేసి మళ్లీ నడిపాను. ఫైలు తెరుచుకుంది.

డెమోలో మేనేజరుగారు ముక్కలన్నీ దొర్లించి చూసి, "బాగుందండీ, ఇంక మీరు మా మనిషే," అన్నారు. నమస్కారం పెట్టాను. చూపు మాత్రం తెర పైభాగాన్ని వదల్లేదు. శ్రీ లేకుండా మొదలైంది కదా, ఎక్కడ ఆగిపోతుందోనని.