అమ్మ ఎడమ చెయ్యి

మా అమ్మ చర్చిలో రెండు చేతులూ ఎత్తేది. స్తుతించేటప్పుడు అందరూ ఎత్తేదే కదా అనుకుంటారేమో, ఇది ఆ ఎత్తడం కాదు. ఆరాధన చివర్లో అయ్యగారు అందర్నీ కళ్ళు మూసుకోమని, "దేవుని పక్కకి తిరగాలని ఎవరికి మనసులో ఉండాదో వాళ్ళు చెయ్యెత్తండి" అంటారు. ఎవరి మనసు వాళ్ళది కాబట్టి మనిషికి ఒక్క చెయ్యి. మా అమ్మ మాత్రం కుడి చెయ్యి తనకూ, ఎడమ చెయ్యి నాకూ ఎత్తేది.

ఈ సంగతి ఆమే చెప్పింది. ఒక ఆదివారం బండి మీద ఇంటికి తీసుకొస్తుంటే, వెనక నుంచి, ఉల్లిగడ్డల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నీ చెయ్యి కూడా నేనే ఎత్తేసినాను లే. నువ్వు టీ తాగతా కూర్చోనుంటివి."

నాకు ఒళ్ళు మండింది. నన్నడక్కుండా నా ఓటు వేసి వచ్చినట్టుంది ఈమె వరస. "ఎత్తమని నేను చెప్పినానా?" అన్నాను.

"నువ్వు చెప్పేదాకా ఉంటే పని ఐనట్టే" అంది.

మాది పూతలపట్టు పక్కన పల్లె. నేను వారమంతా రేణిగుంటలో గోడౌన్ పని చేసి, ఆదివారానికి ఇల్లు చేరతాను. అమ్మను రేకుల షెడ్డు చర్చి ముందు దింపి, ఎదురుగా టీ అంగడి బెంచీ మీద కూర్చోవడం నా వంతు. ఆ బెంచీ నాకు మా నాయన నుంచి వచ్చింది. ఆయనా అంతే, అమ్మను సైకిల్ మీద తెచ్చి దింపి, అక్కడే బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. ఆయన కొండకు నడిచిపోయి గుండు కొట్టించుకుని వచ్చేవాడు. ఆమె ఉపవాసముండి ప్రార్థన చేసేది. ఇద్దరికీ ఏ పేచీ లేదు. ఆ పేచీ అంతా నాకే మిగిలింది. కొండకు పోతే అమ్మ గుర్తొస్తుంది, చర్చి గడపలో నిలబడితే నాయన గుర్తొస్తాడు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. "ఇంతకీ మీరు ఏ దేవుణ్ణి మొక్కుతారు?" అని ఎవరైనా అడిగితే కోపం వస్తుంది, ఎందుకంటే నాకూ తెలీదు.

నాయన ఆ బెంచీ దాటి లోపలికి రాకుండానే, గుండె ఆగి పోయాడు. ఆ తరవాత అమ్మకొక బాధ పట్టుకుంది. వంట చేస్తూ చేస్తూ గరిటె పక్కన పెట్టి ఏడ్చేది. "ఆయన కోసం ఒక్కనాడన్నా ఎత్తింటే బాగుండు. నాకు తోచనే లేదు. ఎడం చెయ్యి ఒళ్ళో పెట్టుకోని కూర్చున్నాను ఇన్నేండ్లూ." ఆ చెయ్యి లేవకపోబట్టే నాయన ఎక్కడో దారి తప్పాడని ఆమె నమ్మకం. మొగుడి విషయంలో జరిగింది కొడుకు విషయంలో జరగకూడదని నాకోసం ఎత్తడం మొదలుపెట్టింది. అది అర్థమయ్యాక నా కోపం తగ్గింది గాని, పూర్తిగా పోలేదు. అమ్మ మీద జాలిపడాలో, మండిపడాలో తెలిసేది కాదు.

పోయిన ఏడు ఆమె కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోలేకపోయేది, పైన అలమరలో డబ్బా అందుకోలేకపోయేది. చిత్తూరులో డాక్టరు, గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యిని రోజూ కొంచెం కొంచెం పైకి తీసుకుపోమన్నాడు. ఆమె రెండు రోజులు చేసి మానేసింది. ఆ చెయ్యి ఊనలేదు, కూర్చోబెట్టడానికీ లేపడానికీ మనిషి కావాలి కనుక నేను బెంచీ వదిలి లోపలికి రావలసి వచ్చింది. ఆడవాళ్ళ వైపు చివర్లో ముసలివాళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. అమ్మ కుర్చీ వెనక గోడకానుకుని నిలబడేవాణ్ణి. ఇక ఉన్నది ఒక్క చెయ్యే కదా, నా సంగతి వదిలేస్తుందిలే అనుకున్నాను. అయ్యగారు చెయ్యెత్తమన్నారు. అమ్మ ఎడమ చెయ్యి లేచింది.

బయటికొచ్చాక అడిగాను. "ఆ చెయ్యి ఎవురిది మా?"

"నీదే."

"మరి నీది?"

"నా సంగతి దేవునికి ఎప్పుడో తెలుసు లే. నీదే ఇంకా యాడా తేల్లేదు."

బండి తీసి ఆమెను ఎక్కించుకున్నాను. 

అంతలో పాత అయ్యగారు వేరే ఊరికి పోయి, ఒక కుర్ర అయ్యగారు వచ్చాడు. అతను ఒక ఆదివారం, పూర్వం చెరలోకి పట్టుకుపోయిన యూదుల మధ్య నిలబడి మాట్లాడిన ప్రవక్త గురించి చెప్పాడు.

"వాళ్ళకొక సామెత ఉండేది. నాయనలు పుల్ల ద్రాక్ష తింటే బిడ్డల నోట్లో పండ్లు పులిసినాయని. మన పక్కైతే చింతకాయ అనుకోండి. పెద్దోళ్ళు చేసిందానికి మేము పడతా ఉండామని ఏడస్తా కూర్చున్నారు. ప్రవక్త ఏమన్నాడు? ఆ సామెత ఇంక కట్టిపెట్టండి, ఎవరి పండ్లు వాళ్ళవే అన్నాడు. ఎంత భక్తిపరుడైనా కొడుకు బదులు తాను తిరగలేడు. ఎవరు తిరిగితే వాళ్ళే బతుకుతారు."

చేసుకున్నవాడికి చేసుకున్నంత అని మా నాయన కూడా అనేవాడు. ఇందులో కొత్తేముంది అనుకుంటుండగానే, అమ్మ కుర్చీలోంచి గొంతెత్తింది.

"అయ్యగారూ, మరి కన్నోళ్ళు ఏం చెయ్యాల?"

అతను కాస్త తడబడ్డాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు. "కావలి కాయాల అవ్వా. చెనక్కాయ చేన్లో పందులు పడితే కావలోడు కూతెయ్యాల. కూతేసినాక లేచేది, లేవంది నిద్రపోయేటోడి ఇష్టం. ఆ ప్రవక్తకి దేవుడు ఇచ్చిన పని అదే."

"కూతేసినా లేవకపోతే?"

"అది నీ మీద రాదవ్వా."

"మా ఆయనకి బతికినన్నాళ్ళూ చెప్తానే ఉన్నాను అయ్యగారూ."

"ఐతే నీ మీద లేదు."

అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళ బరువు ఒక్క మాటతో దిగింది. నాకు నిజంగా సంతోషమేసింది. ఆ సంతోషంలో ఉండగానే తట్టింది. నాయన విషయంలో ఆమె తప్పు లేదంటే, నా విషయంలో ఆమె ఎత్తిన చెయ్యీ చెల్లదు. ఒకే మాట ఆమెను విడిపించి నన్ను పట్టుకుంది.

చివర్లో అందరూ కళ్ళు మూసుకున్నారు. అయ్యగారు చెయ్యెత్తమన్నాడు. అమ్మ ఎడమ చెయ్యి అలవాటు కొద్దీ సగం దాకా లేచి, ఆగి, మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయింది. కుడి చెయ్యి ఎటూ లేవదు. రెండు చేతులెత్తే మనిషి ఒక్కటీ ఎత్తకుండా కూర్చుంది. అది నేను చూడలేకపోయాను. వెనక నుంచి ఆమె కుడి మోచెయ్యి పట్టుకుని మెల్లగా పైకి లేపాను. "నిదానం రా" అని గొణిగింది. మణికట్టు కింద నా చెయ్యి ఆనించి పట్టుకున్నాను.

"వెనక రెండు చేతులు కనిపిస్తా ఉండాయి. దేవుడు కూడా చూస్తా ఉండాడు" అన్నాడు అయ్యగారు.

నేను ఎత్తింది అమ్మ చెయ్యి. నాది దానికి దన్ను, అంతే. అట్లాగైతే ఆ మాట వినగానే నాకు నవ్వు రావాలి, లేదా కోపం రావాలి. రెండూ రాలేదు.  చెయ్యి దింపనూ లేదు.

ఇంటి దగ్గర బండి దిగుతూ అమ్మ అడిగింది. "రెండన్నాడే ఆయన. రెండోది నీదా?"

"నీ చెయ్యి పడిపోతుందని పట్టుకున్నాను మా."

"అది తెలుసు లేరా. నేనడిగింది అది కాదు."

నేను తాళం చెవి తీసి తలుపు తెరిచాను.  "సరే, నాకు చెప్పొద్దు. అడగాల్సినోడు నిన్నే అడగతాడు" అని అమ్మ లోపలికి పోయింది.

మరుసటి రోజు నుంచి గోడ మీద వేళ్ళు పాకించడం మొదలుపెట్టిందట. రెండు నెలలయ్యాక ఒక ఆదివారం నేను ఎప్పటిలాగే ఆమె కుర్చీ వెనక నిలబడ్డాను. అయ్యగారు చెయ్యెత్తమనగానే, నేను ముందుకు వంగేలోపే ఆమె కుడి చెయ్యి తనంతట తానే చెవి దాకా లేచింది. ఎడమ చెయ్యి ఒళ్ళోనే ఉంది. నన్నడక్కుండా ఎత్తుతుందని ఇన్నాళ్ళూ కోపం. ఇప్పుడు ఎత్తేవాళ్ళెవరూ లేరు. నా రెండు చేతులూ పక్కన వేలాడుతున్నాయి, వాటిని ఏం చెయ్యాలో తెలీలేదు. చర్చిలో మొదటిసారి కళ్ళు మూసుకున్నాను. చేతులు కిందనే ఉన్నాయి. అయ్యగారు ఆమేన్ అన్నాక కళ్ళు తెరిచాను. ఎత్తానా లేదా అని అమ్మ వెనక్కి తిరిగి చూస్తుందనుకున్నాను. చూడలేదు.