కిందికి చూపే బొటనవేలు

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే అతనికి, ఇంటికి రాగానే ఒకటే పని. అరచేతులు మోకాళ్ళకేసి తుడుచుకుని, ఉంగరం తీసి పక్కన పెట్టి, ఆ కత్తియుద్ధాల వీడియో గేమ్ ముందు కూర్చుంటాడు. రెప్ప వేస్తే చచ్చే ఆట అది. నాలుగు నెలలుగా మూడో రాక్షసుడి చేతిలోనే చస్తున్నాడు. చచ్చిన ప్రతిసారీ గేమ్ పేజీ తెరిచి జనం రాసిన అభిప్రాయాలు చదువుతాడు. "ఇది ఆట కాదు, శిక్ష" అన్నవాళ్ళని మెచ్చుకుంటాడు, "తేలికే" అన్నవాళ్ళని నోటికొచ్చినట్టు తిడతాడు. అలాంటిది, అతన్ని చూసి మొన్న మొదలుపెట్టిన అక్క మొగుడు, లిఫ్టులు బాగుచేసే మనిషి, ముప్ఫై ఒక్క గంటల్లో ఆట ముగించి పేజీడు అభిప్రాయం రాశాడు. రెండు వందల మంది మెచ్చుకున్నారు. "చెయ్యి తిరిగితే ఇదేం కష్టం కాదు" అన్న మొదటి వాక్యం దగ్గరే ఇతను ఆగిపోయాడు. మిగతాది చదవకుండానే, నచ్చలేదని కిందికి చూపే బొటనవేలు నొక్కేశాడు.

ఆదివారం భోజనాల దగ్గర బావ నవ్వాడు. "ఒక్కడికి మాత్రం నచ్చలేదట బామ్మర్దీ. ఎవడో ఏడుపుగొట్టు వెధవ."

"ఉంటార్లే బావా అలాంటివాళ్ళు," అన్నాడతను కంచంలోంచి తల ఎత్తకుండా.

"పోనీలే. చివర్లో మూడో రాక్షసుడి సంగతి నీకోసమే రాశాను. చదివావా?"

"తీరిక లేదు."

బావ గడప దాటగానే చదివాడు. రాక్షసుడు కత్తి ఎత్తినప్పుడు వెనక్కి తగ్గకుండా ముందుకే దూకమని ఉంది. దూకాడు. రెండో ప్రయత్నంలోనే రాక్షసుడు కూలాడు. తర్వాత మళ్ళీ పేజీ తెరిచి, తను నొక్కిన బొటనవేలిని కాసేపు చూసి, అలాగే ఉండనిచ్చాడు.