జ్వరం దిగిన ఆదివారం

ఖానాపూర్ శివారులోని ప్రార్థన మందిరంలో యాదవ్వ ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. సాక్ష్యం చెప్పడానికి లేస్తే ఆమె గొంతు ముందు చాప దాకా కూడా పోయేది కాదు.

"అవ్వా, నీ సాక్ష్యం నీకు, దేవునికే ఇనొస్తది. మాకు ఇనొస్తలే" అని కూతురు నవీన ఎక్కిరించేది.

ఆ ఒక్క ఆదివారం మాత్రం ఆమె గొంతు బయట రోడ్డు దాకా వినిపించింది.

అప్పటికి నాలుగు రోజులుగా నవీన జ్వరంతో కాలిపోతోంది. ఊళ్లో డాక్టరు సూది వేసి, రక్తపరీక్ష చేయించమన్నాడు. యాదవ్వ మూడు రోజుల ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది. అది ముగియకుండా ఆసుపత్రికి పరిగెత్తితే దేవుణ్ణి అనుమానించినట్టవుతుందని అనుకుంది. ఆ మాట మందిరం అయ్యగారు అనలేదు, ఇంకెవరూ అనలేదు. తనకు తానే అనుకుంది. మూడో రోజు, ఆదివారం పొద్దున, పిల్ల నుదురు చల్లబడింది. యాదవ్వ మందిరానికి పోయి, లేచి నిలబడి, నా ప్రభువు నా బిడ్డను ముట్టాడని గట్టిగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చేసరికి నవీన గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "కడుపుల నొస్తుందవ్వా" అంది. కాళ్లూ చేతులూ చల్లగా తగిలాయి. జ్వరం దిగిన నీరసమనుకుని యాదవ్వ దుప్పటి కప్పి, గంజి కాచింది. మర్నాడు మధ్యాహ్నం నిర్మల్ ఆసుపత్రికి తీసుకుపోయారు. సాయంత్రానికి నవీన లేదు.

"గీ డెంగీ జరం దిగినంకనే అసలు గండమమ్మా. కాళ్లు చల్లబడంగనే తేవాలె" అన్నాడు అక్కడి డాక్టరు, మెల్లగా. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. మస్కట్‌లో పనిచేసే భర్త అంతయ్యకు ఆమె మరిదే ఫోన్లో చెప్పాడు. యాదవ్వ ఫోను చేతిలోకి తీసుకోలేదు.

ఆ తర్వాత కూడా మందిరానికి పోతూనే ఉంది, చాపలు పరుస్తూనే ఉంది. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా గంజి కాచి పట్టుకుపోయేది. కానీ పాటలప్పుడు ఆమె పెదాలు కదిలేవి కావు. అన్నం ముందు కళ్లు మూసుకుంటే లోపల ఒక్క మాట పుట్టేది కాదు. కోపమైనా రాలేదు. దేవుడు తనను వదిలేశాడేమో అన్నది కాదు ఆమె భయం. ఇక తాను ఆయనతో ఎన్నటికీ మాట్లాడలేనేమో అని.

మళ్లీ వానాకాలం వచ్చింది. ఒక పొద్దున యాదవ్వ గడపలో కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరిస్తుంటే పక్కింటి పోశవ్వ వచ్చి నిలబడింది. దేవుణ్ణి మార్చుకున్నందుకే బిడ్డ పోయిందని నిరుడు నలుగురిలో అన్న మనిషి ఈమే.

"ఏం యాదవ్వా, ఆకు కత్తిరిస్తున్నవా, వేళ్లు కత్తిరిస్తున్నవా? గంత గురిపెట్టి చూస్తున్నవ్!" అని నవ్వింది. "మా సృజనకు జరం దిగిందే. మూడు దినాలు పరేషాన్ చేసింది మనుమరాలు. ఇయ్యాల సల్లగ పండుకుంది."

యాదవ్వ చేతిలో కత్తెర ఆగింది. "కాళ్లు ఎట్లున్నయత్తా?"

"కాళ్లకేమైంది? ఉన్నకాడనే ఉన్నయ్."

యాదవ్వ ఆకు చాట పక్కకు నెట్టి వాళ్లింట్లోకి పోయింది. ఎనిమిదేళ్ల సృజన పాదాలు పట్టుకుని చూసింది. చల్లగా ఉన్నాయి.

"కడుపు నొస్తుందా బిడ్డా?"

పిల్ల తలూపింది.

"జర నీ దేవునికి మొక్కరాదే, పోతది" అంది పోశవ్వ. నవ్వు సగం పోయింది.

"మొక్కుడు తర్వాత. లేవత్తా, దవాఖానకు పోవాలె."

"పండుకున్న పిల్లను లేపుతవా? సాయంత్రం మా కొడుకు రానీ."

"గిట్లనే నేను గూడ ఆగిన" అంది యాదవ్వ.

వీధిలో అందరికీ వినపడింది ఆ మాట. పోశవ్వ పిల్లను భుజానికెత్తుకుంది. ఎదురింటి నదీమ్ ఆటో తీశాడు. దారి పొడుగునా యాదవ్వ ఆ పాదాలను రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది.

నిర్మల్‌లో పిల్లకు సెలైన్ ఎక్కించారు. సమయానికి తెచ్చారనీ, రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలనీ డాక్టరు చెప్పాడు. పోశవ్వ యాదవ్వ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "నీ బిడ్డప్పుడు నేనన్న మాట..." అని ఆమె చెయ్యి పట్టుకుంది.

యాదవ్వ నీళ్ల సీసా పట్టుకుని వరండా చివర నల్లా దగ్గరికి పోయింది. అక్కడ ఎవరూ లేరు.

"తండ్రీ, గీ తెలివి నాకు అప్పుడెందుకియ్యలే? నేను లేసి నిలబడ్డప్పుడన్న నా నోరు ముయ్యకపోతివి. నా బిడ్డ ఇంట్ల ఒక్కతే ఉండె. నీకు ఎరికనే గదా."

ఆమె ఇంకా అడిగింది. నవీన పేరు పెట్టి అడిగింది. ఏడాది మాటలన్నీ వరస లేకుండా వచ్చాయి, మొహం మీద నీళ్లలా.

"యాదవ్వా! పిల్ల నీళ్లడుగుతుందే!" లోపల్నుంచి పోశవ్వ పిలిచింది.

"వస్తున్న అత్తా" అని, కళ్లు తుడుచుకోకుండానే సీసా నల్లా కింద పెట్టింది.